పురుగుల మీద పాత పుస్తకాలు: స్కాన్ సరిపోతుందా, కాగితం కొనాలా, పెట్టెల్లో పురుగుల్నే వెళ్లి చూడాలా?

మొదట నా తెలివితక్కువ పని చెప్తాను. ఐదారేళ్ల కిందట హాంప్సన్ అనే ఆయన రాసిన రెక్కల పురుగుల పుస్తకం (సీతాకోకచిలుకలు కాదు, రాత్రిళ్లు లైటు చుట్టూ తిరిగేవి), అందులో రెండో సంపుటం, ఆన్‌లైన్‌లో అమ్మకానికి కనిపించింది. వెనకా ముందూ చూడకుండా 1,800 రూపాయలు కట్టేశాను. వచ్చాక విప్పి చూస్తే ఎవరో ఇంటర్నెట్‌లోని స్కాన్‌నే ప్రింటు కొట్టి, అట్ట వేసి పంపారు. రెక్క మీది గీతలు చూసి ఇది ఫలానా పురుగు అని పోల్చుకోవాల్సిన చోట నల్లటి ముద్ద, నాలుగు పేజీలు అసలు లేనే లేవు. వెనక్కి తీసుకోండి అంటే జవాబు లేదు. అదే పుస్తకం అంతకన్నా శుభ్రంగా ఊరికే దొరుకుతుందని ఆ తర్వాత తెలిసింది.

నేను గుత్తి దగ్గర హైస్కూల్లో బయాలజీ చెప్తాను. పిల్లలు అగ్గిపెట్టెల్లో ఏదో ఒకటి పట్టుకొస్తుంటారు, వాటి పేర్లు వెతకబోయి ఈ పాత పుస్తకాల పిచ్చిలో పడ్డాను. ఇప్పుడు అగ్రికల్చర్ బీఎస్సీ చదివే మా తమ్ముడి కూతురు మొదలుకొని పురుగుమందుల అంగడి నడిపే స్నేహితుడి దాకా అందరూ అడిగేది ఒకటే, కొనాలా, డౌన్‌లోడ్ చేసుకోవాలా, బెంగళూరు పోయి సూదులకు గుచ్చి దాచిన పురుగుల పెట్టెలు చూడాలా అని. నేను వాళ్లను తిరిగి అడుగుతాను: నీకు కావాల్సింది పురుగు పేరా, దాని గురించి వందేళ్ల కిందట రాసిన కబురా, లేకపోతే నీ చేతిలోది నిజంగా అదేనా అన్న రుజువా? మూడూ వేరు. మూడింటికీ ఒకే పుస్తకం కొంటే నాలాగే డబ్బులు పోతాయి.

పేరు ఒక్కటే కావాలంటే పాత పుస్తకాల జోలికే పోవద్దు. ఫోన్‌లో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి ఐనాచురలిస్ట్‌లో (ఫోటో చూసి జీవి పేరు చెప్పే యాప్) పెట్టండి, సీతాకోకచిలుకైతే ‘బటర్‌ఫ్లైస్ ఆఫ్ ఇండియా’ వెబ్‌సైట్ చూడండి, పంట పురుగైతే బెంగళూరులోని ఎన్‌బీఏఐఆర్ (వ్యవసాయ పురుగుల మీద పనిచేసే జాతీయ సంస్థ) వాళ్ల సైట్లో మన దేశపు పంటల పురుగుల ఫోటోలున్నాయి. చాలామందికి ఇక్కడితోనే పని అయిపోతుంది, మిగతాది చదవక్కర్లేదు కూడా.

కబురు కావాలన్నవాళ్లకే అసలు కథ. పాత పుస్తకం అనగానే ముందు తగిలేది ‘ది ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ (ఫానా అంటే ఒక ప్రాంతపు జంతుజాలం) అనే పెద్ద వరుస. 1888లో పుస్తకాలు రావడం మొదలైంది, వేసింది లండన్‌లోని టేలర్ అండ్ ఫ్రాన్సిస్. పురుగుల సంపుటాలే కుప్పలుగా ఉన్నాయి. హాంప్సన్ రెక్కల పురుగులు 1892 నుంచి 1896 దాకా నాలుగు సంపుటాలు. ఆయన నీలగిరుల్లో తేయాకు తోటల పని మీద వచ్చి ఈ పురుగుల్లో పడ్డ మనిషి. బింగ్‌హామ్ తేనెటీగలు, కందిరీగలు 1897లో, చీమలు 1903లో, సీతాకోకచిలుకలు 1905, 1907లో. రసం పీల్చే పురుగుల మీద డిస్టంట్ 1902 నుంచి 1918 దాకా ఏడు సంపుటాలు లాగాడు. కిర్బీ మిడతలు 1914. ఫ్రేజర్ అనే మిలిటరీ డాక్టరు తూనీగల మీద రాసిన మూడు సంపుటాలు 1933 నుంచి 1936 మధ్య వచ్చాయి. సమరేంద్ర మౌలిక్ అనే మనవాడు కూడా ఆకులు తినే పెంకు పురుగుల మీద ఇందులోనే రాశాడు, 1919లో మొదటిది.

ఇవన్నీ ఒకే వరుసలో ఉన్నాయి కాబట్టి ఒకే నాణ్యత అనుకోకండి. నన్నడిగితే ఫ్రేజర్ ఇవాళ్టికీ పనికొస్తుంది, ఎందుకంటే ఆయన వాగుల వెంబడి తిరిగి బతికున్న తూనీగల్ని చూసి రాశాడు, ఏ రాయి మీద కూర్చుంటుందో కూడా చెప్తాడు. డిస్టంట్ మాత్రం లండన్‌లో ఎండిన నమూనాలు చూసి రాసినది, దాన్ని పట్టుకొని మన పత్తి చేలో నిలబడితే ఏమీ అర్థం కాదు, ఏ పేరు ఎవరు ఎప్పుడు పెట్టారో వెతకడానికి మాత్రం బంగారం. హాంప్సన్ రెండింటికీ మధ్యలో. ఒక చిరాకు ముందే చెప్పాలి, ఈ పుస్తకాల్లో చాలా పురుగులకు దొరికే చోటు అని ‘ఇండియా అంతటా’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. అనంతపురంలో ఉందా లేదా అన్నది అందులోంచి తేలదు.

స్కాన్లు ఎక్కడివి తీసుకోవాలి? ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లోనూ, బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలోనూ (బీహెచ్ఎల్ అంటారు) చాలా సంపుటాలున్నాయి, చాలాసార్లు రెండు చోట్లా ఉన్నది ఒకే స్కాన్. నేను ముందు బీహెచ్ఎల్‌కే పోతాను. కారణం ఒకటే, అక్కడ పురుగు శాస్త్రీయ నామం కొడితే ఆ పేరున్న పేజీలు ఏయే పుస్తకాల్లో, ఏయే పత్రికల్లో ఉన్నాయో వరుసగా చూపిస్తుంది, కావాల్సిన పదిహేను పేజీలు మాత్రం ఏరుకొని పీడీఎఫ్ చేసుకోవచ్చు, ఐదొందల పేజీల బరువు ఫోన్లో మోయక్కర్లేదు. ఆర్కైవ్‌లో లాభం వేరే ఉంది, మన దేశపు లైబ్రరీల్లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు స్కాన్ చేసినవి అక్కడ దొరుకుతాయి, మద్రాసు ప్రభుత్వం వేసిన పుస్తకాల్లాంటివి వాటిలోనే తగులుతాయి. కాకపోతే ఆ స్కాన్లు చాలావరకు నలుపు తెలుపు, రంగుల ప్లేట్లు (బొమ్మల పేజీలు) బూడిద రంగులోకి పోయుంటాయి, పేజీ ఓ పక్కకు వాలి ఉంటుంది. చదవడానికి సరే, పోల్చడానికి కాదు. అందుకే ఒకే పుస్తకానికి రెండు మూడు స్కాన్లు కనిపిస్తే డౌన్‌లోడ్ నొక్కే ముందు ఒక రంగు ప్లేటు తెరిచి చూడండి, రెండు నిమిషాల పని.

ఇక్కడ అందరూ బోల్తా పడేది పేర్ల దగ్గర. మన శనగ పచ్చ పురుగునే తీసుకోండి, అంగళ్లలో ఇప్పటికీ హీలియోథిస్ అనే అంటారు. హార్డ్‌విక్ అనే ఆయన 1965లో హెలికోవర్పా అని కొత్త ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పెట్టాడు, ఇప్పుడు పుస్తకాల్లో అదే. అంటే హెలికోవర్పా అని కొట్టి 1909 నాటి పుస్తకంలో వెతికితే సున్నా వస్తుంది, పురుగు లేదని కాదు, ఆ పేరు అప్పటికి పుట్టలేదు. లద్దె పురుగు ఇప్పుడు స్పొడోప్టెరా, పాత పుస్తకాల్లో ప్రొడీనియా. వేరుశనగ ఆకుముడత ఒకప్పుడు స్టొమోప్టెరిక్స్, తర్వాత అప్రొఎరెమా. కాబట్టి ముందు పాత పేర్ల జాబితా చేసుకోవాలి. రెక్కల పురుగులు, సీతాకోకచిలుకలకైతే లండన్ నాచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ల లెపిండెక్స్ ఉంది, ఒకప్పుడు అట్టముక్కల మీద రాసి సొరుగుల్లో దాచిన పేర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారు. మిగతావాటికి క్యాటలాగ్ ఆఫ్ లైఫ్ అనే ఆన్‌లైన్ పేర్ల జాబితా. పాత పేరు పట్టుకొని బీహెచ్ఎల్‌లోకి పోతే అప్పుడు పేజీలు వరదలా వస్తాయి.

ఇంకోటి, ఆ ‘ఫానా’ వరుసలో అన్నీ ఉన్నాయనుకోవద్దు. పిల్లలు నాకు ఎక్కువగా తెచ్చేది జీరంగి, పచ్చగా బంగారంలా మెరిసేది, తుమ్మ చెట్ల మీద దొరుకుతుంది. ఆ కుటుంబానికి ఈ వరుసలో సంపుటమే రాలేదు. నేను హాంప్సన్ దగ్గర పెట్టిన శ్రమ కన్నా ఎక్కువ దీని కోసం పెట్టి, అది లేదని తెలుసుకోవడానికి నెల పట్టింది. (జీరంగుల్లో ఒకదానికి 1758లోనే లిన్నేయస్ పేరు పెట్టేశాడు, అంత ప్రసిద్ధి అది.) ఇక ఆరుద్ర కార్తెలో తొలకరికి చేలల్లో ఎర్రటి మఖమల్ ముక్కల్లా పాకే ఆరుద్ర పురుగుల్ని పురుగుల సంపుటాల్లో వెతికి అలిసిపోవద్దు, వాటికి ఎనిమిది కాళ్లు, సాలీళ్ల బంధువులు. సాలీళ్లు, తేళ్ల మీద పోకాక్ 1900లో రాసిన సంపుటంలోనూ అవి లేవు.

మీరు రైతు కుటుంబం అయినా, అగ్రికల్చర్ చదువుతున్నా పైన చెప్పిన పెద్ద వరుస కన్నా మూడు చిన్న పుస్తకాలు ఎక్కువ పనికొస్తాయి. మొదటిది లెఫ్రాయ్ రాసిన ‘ఇండియన్ ఇన్సెక్ట్ లైఫ్’, 1909, దాదాపు ఎనిమిది వందల పేజీలు. ఆయన బీహారులోని పూసాలో ప్రభుత్వ కీటక శాస్త్రవేత్త, ఆ తర్వాత ఇంగ్లండు పోయి లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ హాల్ దూలాలు తొలిచే పురుగుకు మందు కనిపెట్టాడు, చివరికి 1925లో తన ల్యాబులోనే విషపు గ్యాస్ పీల్చి పోయాడు. పుస్తకం బ్రహ్మాండంగా ఉంటుంది గానీ దాని చూపంతా దేశం మొత్తం మీద. రెండోది ఫ్లెచర్ ‘సమ్ సౌత్ ఇండియన్ ఇన్సెక్ట్స్’, 1914, మద్రాసు ప్రభుత్వ ముద్రణ. మూడోది టి.వి. రామకృష్ణ అయ్యర్ ‘హ్యాండ్‌బుక్ ఆఫ్ ఎకనమిక్ ఎంటమాలజీ ఫర్ సౌత్ ఇండియా’, 1940.

ఒక్కటే చదివే ఓపిక ఉంటే ఫ్లెచర్ చదవండి. మన జిల్లాలన్నీ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే కాబట్టి ఆయన చెప్పే నేల, పంట, వాన మనవిలాగే అనిపిస్తాయి, రంగుల ప్లేట్లు చూడముచ్చటగా ఉంటాయి, ఒక్కో పురుగుకు సూటిగా నాలుగు మాటలు చెప్పి ముందుకు పోతాడు. పంటల వారీగా వెతకాలంటే మాత్రం రామకృష్ణ అయ్యర్ మేలు, ఫ్లెచర్ తర్వాత పాతికేళ్ల అనుభవం అందులో కలిసింది. మా స్నేహితుడు ఫ్లెచర్ ప్రింటు తీసి అంగడిలో పెట్టుకున్నాడు, వచ్చే రైతులకు ఎర్ర గొంగళి పురుగు పేజీ చూపించి “చూడన్నా, వందేళ్ల కిందట ఇన్ని మందులు లేని రోజుల్లో కూడా తొలి వానకు లేచే తల్లి పురుగుల్నే పట్టమన్నారు” అంటాడు, మందులమ్మే మనిషి. అయితే ఒక హెచ్చరిక, ఈ పుస్తకాల్లోని మందుల సలహాలు పొరపాటున కూడా పాటించవద్దు, అప్పట్లో సీసం, పాషాణం కలిసిన మందులు మామూలు. పురుగు జీవితం గురించి చదవండి, మందుల పేజీ తిప్పేయండి.

కాగితం ఎప్పుడు కొనాలి? మీరు ఒకే గుంపు పురుగుల మీద ఏళ్ల తరబడి పనిచేస్తూ, బల్ల మీద తెరిచి పెట్టుకొని లెన్సు కింద పురుగును, పక్కన పేజీని మార్చి మార్చి చూడాల్సి వచ్చినప్పుడు. అప్పుడు 1970ల్లో ఢిల్లీ వాళ్లు వేసిన రీప్రింట్లు వెతకండి, అవి అసలు ముద్రణంత అందంగా ఉండవు గానీ పేజీలు పూర్తిగా ఉంటాయి, ధర మనుషులు భరించేట్టు ఉంటుంది. అసలు తొలి ముద్రణలు పాత పుస్తకాల సరుకుగా మారిపోయాయి, అవి పురుగుల కోసం కొనేవి కావు, అల్మారా కోసం కొనేవి. హైదరాబాదు ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్‌లో నాకు రామకృష్ణ అయ్యర్ 1963 ముద్రణ దొరికింది, అట్ట లేదు, లోపలంతా ఎవరో విద్యార్థి పెన్సిల్ గీతలు, ఆ గీతలే సగం పాఠం చెప్పాయి. ఇక ఆన్‌లైన్‌లో ‘కొత్త ముద్రణ, 1894’ అని రాసి ఉంటే అది స్కాన్ ప్రింటేనని అర్థం చేసుకోండి. కొనాల్సే వస్తే ముందు లోపలి ప్లేటు ఫోటో పంపమని అడగండి, పంపకపోతే వదిలేయండి. అంతకన్నా మేలైన దారి కూడా ఉంది, బీహెచ్ఎల్ నుంచి మీకు కావాల్సిన యాభై పేజీలు పీడీఎఫ్ చేసుకొని, బొమ్మల పేజీలు మాత్రం మంచి కాగితం మీద రంగుల్లో, మిగతావి మామూలు జిరాక్సులో తీసి స్పైరల్ వేయించుకోవడం. నా దగ్గరున్న హాంప్సన్ ఇప్పుడు అదే, ఆ 1,800 పుస్తకం మీద నీళ్ల చెంబు పెట్టుకుంటున్నాం.

రుజువు కావాలంటే పుస్తకం చాలదు, పెట్టెల్లోని పురుగే చూడాలి. ఎందుకో మా ఊరి కథే చెప్తుంది. గుత్తి పేరు ప్రపంచమంతా తెలిసింది కోటతో కాదు, నీలం రంగు సాలీడుతో. 1899లో పోకాక్ దానికి పేరు పెట్టాడు, ఒకే ఒక్క నమూనా చూసి, అది గుత్తి రైల్వే కలప డిపోలో దొరికింది. ఆ తర్వాత వందేళ్లకు పైగా ఎవరికీ కనిపించలేదు. 2001లో మళ్లీ దొరికింది ఎక్కడయ్యా అంటే గుత్తిలో కాదు, నంద్యాల–గిద్దలూరు మధ్య అడవిలో, సుమారు వంద కిలోమీటర్ల దూరంలో. కలపతో పాటు రైలెక్కి మా ఊరొచ్చిన సాలీడు అది అంటారు. నమూనాకు తగిలించిన లేబుల్ మీద ‘గుత్తి’ అన్నది అబద్ధం కాదు, కానీ అది ఇల్లు కాదు, మజిలీ. ఇప్పుడది అంతరించిపోయే అంచున ఉన్న జాతుల జాబితాలో ఉంది. సాలీడు పురుగు కాదని నాకూ తెలుసు, కానీ లేబుల్ ఎలా చదవాలో నాకు దీనికన్నా బాగా నేర్పింది ఇంకోటి లేదు.

పాత లేబుళ్లు చదవాలంటే ఊళ్ల పేర్లు కూడా పాతవే కావాలి. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచి విడిపోయింది, అంతకు ముందు సేకరించినవి బళ్లారి కింద ఉంటాయి. కడపను ఇంగ్లిషులో సి, యు, రెండు డి లతో రాసేవాళ్లు, ఇప్పటి స్పెల్లింగుతో వెతికితే డేటాబేసు ఏమీ చూపించదు. ఇంకా వెనక్కి పోతే మన దక్షిణాది పురుగులకు పేర్లు పెట్టింది డెన్మార్క్ మనిషి ఫాబ్రీషియస్, తమిళనాడు తీరంలోని తరంగంబాడి డేనిష్ వాళ్ల దగ్గరి నుంచి పోయిన నమూనాలు చూసి. ఆదోని వైపు పత్తి కాయల మీద గుంపులుగా పాకే ఎరుపు నలుపు పురుగు ఉంది చూడండి, దాని శాస్త్రీయ నామం డిస్‌డెర్కస్ కోనిగీ, తరంగంబాడిలో పనిచేసిన కోనిగ్ అనే డాక్టరు పేరు మీద ఫాబ్రీషియస్ 1775లో పెట్టిందే. ఆ కోనిగ్ 1785లో పోయింది మన కాకినాడ జగన్నాథపురంలో. అలాంటి పాత నమూనాలు చూడాలంటే కోపెన్‌హాగెన్, లండన్. మనం పోలేం, కానీ లండన్ మ్యూజియం డేటా పోర్టల్, లిన్నేయస్ పెట్టెల ఫోటోలు ఇంట్లో కూర్చొని చూడొచ్చు.

దేశంలో అయితే మూడు పెద్ద చోట్లు. కలకత్తాలో జువలాజికల్ సర్వే, 1916లో పెట్టింది, పాత నమూనాల లోతు అక్కడే. ఢిల్లీలో పూసా సేకరణ, 1905లో బీహారులో మొదలై, 1934 భూకంపంలో అక్కడి భవనాలు దెబ్బతిన్నాక 1936లో ఢిల్లీ చేరింది, పంట పురుగులకు అది. మూడోది బెంగళూరు ఎన్‌బీఏఐఆర్, అనంతపురం వాళ్లకు నేను చెప్పేది ముందు ఇదే, ఎందుకంటే మన బస్సు బెంగళూరులోకి దిగే బళ్లారి రోడ్డు మీదే హెబ్బాళ్ దగ్గర ఉంది, అదే రోడ్డు మీద ఇంకొంచెం ముందే జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయం కూడా తగులుతుంది, తెల్లవారుజామున బయలుదేరితే సాయంత్రానికి ఇంటికి రావచ్చు. కానీ ఊరికే పోయి గేటు దగ్గర నిలబడితే లోపలికి పంపరు. ఏ గుంపు పురుగులు, ఏ పని మీద, మీ దగ్గర ఏ ఫోటోలున్నాయో రాసి ముందుగా మెయిల్ పెట్టి, తేదీ ఖరారయ్యాకే టికెట్ తీసుకోండి.

దగ్గర్లోని కాలేజీ పెట్టెలు? చూడొచ్చు, నమ్మే ముందు మూత తీసి వాసన చూడండి. ఒకసారి ఒక కాలేజీలో పాత సేకరణ ఉందని తెలిసి మోటారు సైకిలు మీద పోయాను. నాఫ్తలీన్ ఉండలు ఎప్పుడో ఆవిరైపోయాయి, ఎండు పురుగుల్ని తినే చిన్న పెంకు పురుగులు లోపల చేరి, సూదులు నిలబడి ఉన్నాయి గానీ సూదులకు పురుగుల్లేవు, కింద పొడి. లేబుళ్లు మాత్రం చక్కగా ఉన్నాయి. వాటిని ఫోటో తీసుకొని వచ్చాను, ఎప్పుడు ఏ ఊర్లో ఏ పంట మీద ఏం దొరికిందో ఆ కాగితం ముక్కలే చెప్తున్నాయి, ఆ కాలేజీ వాళ్లకు వాటి ఫైలు పంపాను.

మా తమ్ముడి కూతురికి నేను ఇచ్చిన సలహా ఇది: ఫ్లెచర్, రామకృష్ణ అయ్యర్ స్కాన్లు ఫోన్లో పెట్టుకో, నీ గుంపు ఏదో తేలాక దాని ‘ఫానా’ సంపుటం నుంచి కావాల్సిన పేజీలే ప్రింటు తీసుకో, పైసా పెట్టి కొనొద్దు, సెలవుల్లో ఒక రోజు బెంగళూరుకు పోదాం. స్నేహితుడికైతే ఫ్లెచర్ ఒక్కటే చాలన్నాను. నా సంగతి వేరు, నేను బడిలో సొంత పెట్టె మొదలుపెట్టాను, థర్మాకోల్ పరిచిన బిస్కెట్ డబ్బా, మూలల్లో నాఫ్తలీన్, చచ్చి దొరికిన పురుగులు మాత్రమే. ఏడో తరగతి పిల్లోడొకడు జీరంగి కింద లేబుల్ మీద ‘మా ఇంటి ఎనక’ అని రాసి తెచ్చాడు. కూర్చోబెట్టి ఊరు, మండలం, తేదీ, ఏ చెట్టు మీద దొరికిందో అన్నీ పెన్సిల్‌తో రాయించాను, పక్కనే గుత్తి సాలీడు కథ కూడా చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి అడిగాడు, “సార్, మా ఇంటి ఎనక లారీలో కట్టెలు దించుతారు, అది కూడా రాయాలా?”